పెడచెవి

మూంటా ఊరి బయట, బార్లీ కోసేసిన మోళ్ళ మధ్య మా స్తంభం.
పైన ఎనిమిది ఏంటెన్నాలు, వరసగా.
తీగ మీద కాకుల్లా అనకండి,
కాకులు ఇష్టమొచ్చినంత ఎడంగా కూర్చుంటాయి.
ఇవి అర తరంగం కొలుచుకుని కూర్చుంటాయి,
జానెడుకి రెండు వేళ్ళు తక్కువ.

ఒక్కటే ఉంటే పిచ్చిది,
సంతలో తప్పిపోయిన పిల్లాణ్ణి పిలిచినట్టు
నలుదిక్కులా ఒకేలా అరుస్తుంది.
ఎనిమిదీ కలిస్తే వేరు.
చప్పట్లన్నీ ఒకే దెబ్బకి పడితే
ఎదురుగా ఉన్నవాడికి గుండెల్లో తగులుతుంది.
ఒక్కొక్కటీ పక్కదానికంటే పిసరంత ఆలస్యం చేస్తే
ఆ పోటు పక్కకి జరుగుతుంది,
ఏదీ మెడ తిప్పకుండానే.

వరసకి అడ్డంగా చూసేవి ఉన్నాయి,
వరస వెంబడే కొసకి చూసేవి,
గుండ్రంగా కూర్చునేవి, చాపలా పరుచుకునేవి.
గ్రిఫ్ వాటన్నిటికీ పేర్లు పెట్టాడు.
నేను చెప్పను, బూతులు.

మా వరసది ఇంకో తెలివి.
ఎవరు పిలిస్తే అటు చెవి ఒగ్గుతుంది,
ఎవరు సతాయిస్తే అటు పెడచెవి పెడుతుంది.
ఎనిమిది చెవులున్నది ఏడు దిక్కులకి చెవిటిదవగలదు.
కవిత్వం కాదిది, లెక్క.
బోర్డు మీద చేసి చూపిస్తాను.

ఫిబ్రవరి, ఉత్తరపు గాలికి రేకుల కప్పులు పెనాలైన వారం,
తెర మీద ఒక బీట చూశాను.
ఊరివైపు పరుచుకున్న వెలుగులో
రెండు వందల పదిహేడు డిగ్రీల దగ్గర సన్నటి చీకటి.
"అటు నుంచి రొద," అన్నాడు గ్రిఫ్,
"పదకొండు నెలలుగా. యంత్రమే చూసుకుంది, మంచిదేగా."
మంచిదే.
ఆ చీకట్లో ఒక ఇల్లుంది.

చేపముల్లు లాంటి చేతి ఏంటెన్నా పట్టుకుని
నీళ్ళజాడ వెతికేవాడి పంగలకర్రలా ఊపుతూ నడిచాను.
పచ్చ గేటు దగ్గర రొద చెవులు పగలగొట్టింది.

బెరిల్ ట్రెంగోవ్, డెబ్బై తొమ్మిది.
"ఫోన్ కంపెనీయా? ఏడు ఉత్తరాలు రాశాను."
రోజూ సాయంత్రం ఫోన్ పట్టుకుని
శ్మశానం గేటు దాకా నడుస్తుందట,
అక్కడైతే రెండు గీతలు వస్తాయని.
"చచ్చినవాళ్ళకి బాగానే అందుతోంది," అంది, నవ్వకుండా.

కప్పు మీద పాత టీవీ ఏంటెన్నా, దాని మెడకి ఒక డబ్బా.
అడిలైడ్ క్రికెట్ చుక్కలు చుక్కలుగా కాక
చక్కగా కనపడాలని కోల్విన్ బిగించాడట.
కోల్విన్ లేడు. టీవీ లేదు, చెత్తబండికి వేసేసింది.
డబ్బా మాత్రం ఇంకా కరెంటు తాగుతోంది.
కిందటేడు ఉప్పుగాలికి దాని తొడుగు చీలింది,
అప్పట్నుంచీ తన కేక తనే విని,
దాన్నే పెంచి, మళ్ళీ విని.

ప్లగ్గు మీద చెయ్యి వెయ్యబోయాను.
"ఉండు," అని వంగి, మోకాలు పట్టుకుని,
తనే పీకింది.

నా ఫోన్ మోగింది, ఆ ఇంట్లో.
"బీట పూడింది," గ్రిఫ్. "ఏం చేశావు?"
రెప్పపాటు కూడా పట్టలేదు దానికి.
క్షమించమనడం దాని లెక్కలో లేదు,
అడగాల్సిన అవసరమూ లేదనుకుంటాను.
రొద నిజమే. రొదా, ఆవిడా ఒకే దిక్కున ఉన్నారు, అంతే.
ఆ ఏడు ఉత్తరాలు మాత్రం
ఎవరి బల్ల మీద పెడచెవిన పడ్డాయో,
అందుకు ఏ ఎనిమిది ఏంటెన్నాలూ అక్కర్లేకపోయాయి.

బెరిల్ వెంటనే ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.
పొద్దుగూకాక ఎప్పట్లాగే శ్మశానం వైపు నడిచిందట,
దారిలో చూసిన గ్రిఫ్ చెప్పాడు,
చేతులు రెండూ ఖాళీగా ఊపుకుంటూ.